కుడివైపు రాసిన పేరు

"ఆ పేరు నేను రాయనంటే రాయను అత్తయ్యా. ఇంకెవరిదైనా చెప్పండి. మన మేకపోతు పేరు చెప్పినా రాస్తాను."

"మేకపోతుకి బాప్తిస్మం ఇవ్వలేదు కదే అమ్మాయ్," అంది మా అత్తగారు మంచం మీంచి. "జంఫీరాకి ఇచ్చారు. రాయి."

అప్పటికి అరగంట నుంచీ ఇదే వాదన. నా ముందు మా అమ్మాయి రుక్సాండ్రా లెక్కల పుస్తకంలోంచి చింపిన గళ్ళకాగితం ఉంది. పైన చిన్న సిలువ, మధ్యలో నిలువుగా ఒక గీత. గీతకు ఎడమవైపు బతికున్నవాళ్ళ పేర్లు, కుడివైపు పోయినవాళ్ళ పేర్లు. మామూలు ఆదివారాల్లో అయ్యగారు ఈ కాగితాలన్నీ బలిపీఠం దగ్గర లోపలే చదువుకుంటారు. మర్నాడు మాత్రం పెద్దల శనివారం. ఉపవాసాల ముందొచ్చే ఆ రోజున పోయినవాళ్ళ పేర్లన్నీ అందరికీ వినపడేలా చదువుతారు.

నలభై ఏళ్ళుగా ఈ కాగితం అత్తగారే రాసి, మడిచి, జేబురుమాల్లో చుట్టి తీసుకెళ్ళేది. అందులో ఎవరెవరున్నారో మేమెవరం ఎప్పుడూ చూడలేదు. అంతకుముందు వారమే బావి దగ్గర మంచు మీద జారి ఆవిడ కుడి చెయ్యీ, కుడి కాలూ విరిగాయి. అందుకని ఈసారి ఆవిడ చెబుతోంది, నేను రాస్తున్నాను. ఒక్క పేరు కూడా చూసి చెప్పడం లేదు. కళ్ళు మూసుకుని, ఇల్లిల్లూ తిరిగి వస్తున్నట్టు, వీధి ఆ చివర నుంచి ఈ చివరికి చెప్పుకొస్తోంది. ఇంటిపేర్లు ఉండవు. బాప్తిస్మంలో పెట్టిన పేరు చాలు. దేవుడికి ఇంటిపేరు చెప్పి గుర్తుచెయ్యాల్సిన పనిలేదంటుంది.

"ఊరి జనాభా లెక్కలు పైకి పంపేది మా అమ్మే," అన్నాడు మా ఆయన గవ్రీల్, పొయ్యి పక్కన కూర్చుని గొడ్డలికి పిడి చెక్కుతూ. "దేవుడు వేరే గుమస్తాని పెట్టుకోనక్కర్లేదు."

ఎడమవైపు పూర్తిచేసి, కుడివైపు మొత్తం రాసేశాక అత్తగారు కళ్ళు తెరిచింది. "ఆగు. ఎడమవైపు ఒకళ్ళని మర్చిపోయాను. జంఫీరా."

గొడవ అక్కడ మొదలయింది.

జంఫీరా మా పక్కింటావిడ. పంతొమ్మిదేళ్ళ కిందట మా గొడ్లపాక గోడ అరమీటరు తన నేలలోకి వచ్చిందని మేయరు ఆఫీసులో ఫిర్యాదు పెట్టింది. కొలిస్తే నిజమే, వచ్చింది. పాక కూల్చాల్సి వచ్చింది. అది మా మామగారు సిమియోన్ తన చేత్తో ఒక్కో దూలం చెక్కి కట్టుకున్న పాక. ఆయన ఆ ఎండాకాలమంతా విప్పిన దూలాల పక్కన కూర్చున్నాడు, శరదృతువులో మంచం పట్టాడు, మంచు పడకముందే పోయాడు. అప్పటినుంచీ మా రెండిళ్ళ మధ్యా మాటల్లేవు.

గవ్రీల్ చెక్కడం ఆపాడు. "అమ్మా, నాన్నని కుడివైపుకి పంపింది ఆవిడే. నాన్న పేరున్న కాగితం మీదే ఆవిడ పేరు కూడా రాయిస్తావా?"

"మీ నాన్నని కుడివైపుకి పిలిచింది ఆయన్ని పుట్టించినవాడు," అంది అత్తగారు. "ఆ పనికి జంఫీరా చాలదు. రాయి అమ్మాయ్, గోధుమలు అడుగంటుతున్నాయి."

నిజంగానే వంటింట్లోంచి వాసన వస్తోంది. నేను విసురుగా, కలం ఎక్కడుంటే అక్కడ ఆ పేరు గెలికేసి, లేచి పరిగెత్తాను. గిన్నె దించి, పోయినవాళ్ళ పేరిట చర్చికి పట్టుకెళ్ళే ఆ గోధుమల్లో చక్కెరా, దంచిన అక్రోట్లూ కలిపి వచ్చి కాగితం మడవబోతూ చూశాను. జంఫీరా పేరు కుడివైపు చివర ఉంది. పోయినవాళ్ళలో.

కొట్టివేత ఉన్న కాగితం బలిపీఠం దగ్గరికి పంపకూడదని అత్తగారి నియమం. అంటే మొత్తం మళ్ళీ రాయాలి. తొంభైమూడు పేర్లు. నడుం లాగేస్తోంది, పొద్దున్నుంచీ పనిలోనే ఉన్నాను. ఇది నాకు నేను చెప్పుకున్న సాకు. అసలు సంగతి, ఆ పేరు అక్కడ ఉండటం నా కంటికి బాగుంది. వందల కాగితాలు, సావా అయ్యగారికి ఆయాసం, గబగబా గొణిగేస్తారు, ఎవరు వింటారులే అనుకున్నాను.

మడిచి జేబురుమాల్లో చుట్టాను.

శనివారం చర్చిలో పొడుగాటి బల్ల నిండా గోధుమ గిన్నెలు, ఒక్కో గిన్నెలో ఒక్కో కొవ్వొత్తి. నేను అనుకున్నట్టే అయ్యగారు ఒక్కో కాగితం ఊపిరి తీసుకోకుండా చదివేస్తున్నారు. ఏది ఎవరి అత్తో ఎవరి తాతో తెలియడం లేదు. నా గుండె కాస్త కుదుటపడింది.

ఇంతలో మా గళ్ళకాగితం ఆయన చేతికొచ్చింది. ఆయన దాన్ని చూడగానే ఒక్క క్షణం ఆగి, కళ్ళద్దాలు సరిచేసుకున్నారు. గొంతు మారింది. ఒక్కో పేరూ విడివిడిగా, ఆ మనిషిని ఎరిగినట్టుగా చదవడం మొదలుపెట్టారు. అత్తగారి కాగితం వచ్చేసరికి ఆయన ఎప్పుడూ ఇలా నెమ్మదిస్తారని నాకు తర్వాత తెలిసింది.

"సిమియోన్. అగాపియా. తొదేర్. పరస్కీవా. జంఫీరా."

చివరి పేరు నోట్లోంచి వచ్చేశాక గానీ ఆయనకి తట్టలేదు. మా ఊళ్ళో ఉన్నది ఒక్కటే జంఫీరా. ఆవిడ రెండో వరుసలో, నల్ల శాలువా కప్పుకుని, చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తితో నిలబడి ఉంది.

చర్చి అంతా ఒక్కసారి తిరిగి చూసింది. వెనకనుంచి చెవుడున్న ముసలాయన పెద్దగా, "జంఫీరా ఎప్పుడు పోయిందర్రా? పొద్దున్నే కోళ్ళకి గింజలేస్తూ కనపడిందే!" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. చాలామంది గబగబా సిలువ గుర్తు వేసుకున్నారు. బతికున్న మనిషి పేరు పోయినవాళ్ళలో రాసిస్తే ఆ మనిషి ఏడాది తిరక్కుండా పోతుందని మా వైపు నమ్మకం. పగబట్టినవాళ్ళు కావాలని అలా రాయిస్తారని కూడా చెప్పుకుంటారు.

జంఫీరా కొవ్వొత్తిని వేళ్ళతో నలిపి ఆర్పింది. తన గోధుమ గిన్నె బల్ల మీదే వదిలేసి బయటికి నడిచింది.

నేను ఇల్లు చేరేసరికి ఆవిడ మా గుమ్మంలో ఉంది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి. లోపలికి అడుగుపెట్టలేదు. బూట్లకి మంచు, చేతిలో తాళంచెవి. నా రెండు చేతుల్లోనూ రెండు గిన్నెలు. ఒకటి మాది, ఒకటి ఆవిడది. చర్చిలో దీపాలు చూసే మనిషి, "పక్కిల్లేగా, ఇచ్చెయ్" అని నాకు అంటగట్టాడు.

"లోపలికి రా జంఫీరా," అంటోంది అత్తగారు మంచం మీంచి. "చలి వస్తోంది."

"పోయినదాన్ని కదా, నాకు చలేమిటి?" అంది జంఫీరా. "ఒకప్పుడు నిన్ను అక్కా అని పిలిచాను అంఘెలీనా. పాక మీద కోపముంటే మొహం మీద ఉమ్మెయ్యాల్సింది. దేవుడి ముందు నన్ను పాతిపెడతావా? ఊళ్ళోవాళ్ళంతా మా వాడికి జ్వరం, మా పిల్లకి కాన్పు అని నీ కిటికీ దగ్గరికొచ్చి పేర్లిచ్చి పోతారే, వాళ్ళకి తెలుసా నువ్వు మనుషుల్ని ఏ వైపు రాయిస్తావో?"

అత్తగారు నావైపు చూసింది. ఒకే ఒక్క చూపు. నా మొహంలో ఉన్నదంతా చదివేసుకుంది. నేను నోరు తెరవాలి. తెరవలేదు. గిన్నెలు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఆ కాగితం నాది," అంది అత్తగారు. "పేర్లు చెప్పింది నేను. అందులో జరిగిన తప్పు నాది కాక ఎవరిదవుతుంది? నన్ను క్షమించు జంఫీరా."

"క్షమించమని అడిగే ఆదివారం ఇంకా ఎనిమిది రోజులుంది. అప్పటిదాకా బతికుంటే ఆలోచిస్తాను," అని ఆవిడ గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. గిన్నె అడగలేదు, నేను ఇవ్వలేదు.

తలుపు మూశాక, ఇదంతా లోపలి గదిలోంచి విన్న రుక్సాండ్రా బయటికొచ్చింది. దానికి పదిహేనేళ్ళు, దాచుకోవడం చేతకాదు. "నానమ్మా, నీ పాత పుస్తకాలు ఆవిడ మొహాన పెట్టచ్చుగా! ఎడమవైపు ఆవిడ పేరు ఉంటుందిగా వాటిల్లో!"

"ఒకళ్ళ కోసం చేసిన ప్రార్థనని వాళ్ళ మొహాన పెడితే అది ప్రార్థన కాదే పిచ్చిదానా, దెప్పిపొడుపు," అంది అత్తగారు. "దిండు కాస్త పైకి జరుపు."

ఏ పుస్తకాలో నాకు తెలియదు. అడగకుండా గిన్నెలు వంటింట్లోకి తీసుకెళ్ళాను.

మంగళవారం పోస్టుమాన్ భార్య కిటికీ దగ్గరికొచ్చింది. వాళ్ళబ్బాయి గనుల్లో పని చేస్తాడు. మూడేళ్ళుగా వాడి పేరు కాగితంలో ఉంది. ఆవిడ చేతి తొడుగులు తీసి మళ్ళీ వేసుకుంటూ, "అత్తా, ఏమీ అనుకోకు. ఈ ఆదివారం మా వాడి పేరు వద్దులే. ఊళ్ళో నానా మాటలూ అనుకుంటున్నారు. మా ఆయన మరీ భయస్థుడు," అంది.

"సరే తల్లీ. వాడి దగ్గు తగ్గిందా?"

"తగ్గింది."

"మంచిది."

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో అత్తగారు విరగని చేత్తో సిలువ గుర్తు వేసుకుని ఆ అబ్బాయి పేరు మెల్లిగా పలికింది. నేను చూస్తున్నానని తెలిసి, "కాగితం మీద వద్దంది. నోట్లోంచి తీసెయ్యమనలేదుగా," అంది.

బుధవారం ఇంకో ఇద్దరు వచ్చారు. గురువారం ఎవరూ రాలేదు. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు ఆగి, కిటికీ అద్దం మీద వేలితో కొట్టి, "అత్తా, మా కోడల్ని మర్చిపోకు" అని చెప్పి పోయే ఇల్లు మాది. ఆ చప్పుడు లేకపోతే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆ చప్పుడుకి విసుక్కునేదాన్ని. అత్తగారు పోస్టుమాన్‌ని వాళ్ళావిడ మోకాలి గురించి, రొట్టెలవాడిని అప్పగారి పంటి గురించి అడుగుతుంటే ఊసుపోక అనుకునేదాన్ని. ఎవరికి ఏం కావాలో తెలియకుండా దేవుణ్ణి ఏమని అడుగుతుంది మరి! ఆవిడకది పని. పాలు పితకడం లాంటి పని. వేళకి చెయ్యకపోతే ఆవుకే నొప్పి.

ఇప్పుడు కాలు కదపలేదు కాబట్టి మంచంలోనే, మూలనున్న దేవుడి పటం వైపు మొహం తిప్పుకుని చేస్తోంది. ఊరు తన గురించి ఏమనుకుంటోందో ఒక్క మాట అనలేదు. ఒక్కసారి మాత్రం నిట్టూర్చి, "పేర్లివ్వడం ఆపేశారు, సరే. వీళ్ళందరూ ఇంట్లో ఎవరికి చెప్పుకుంటున్నారో ఏమో," అంది.

శుక్రవారం కట్టు కింద వేసే మెత్తటి గుడ్డ కోసం ఆవిడ పెట్టె తీశాను. అడుగున, ఆవిడ పెళ్ళినాటి శాలువా కింద, బడిపిల్లల పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. ప్రతి వారం ముందు పుస్తకంలో రాసుకుని, అందులోంచి కాగితం మీదికి ఎక్కించేదన్నమాట. మామగారు పోయిన ఏడాదిది వెతికి తీశాను.

సమాధి చేసిన తర్వాతి ఆదివారం. కుడివైపు చివర మొదటిసారి సిమియోన్. అక్షరాలు వంకరపోయాయి. ఎడమవైపు చివర జంఫీరా. ఆ పేరు రాసేటప్పుడు కలం ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితం చిరిగింది. అచ్చు వెనకనున్న మూడు పేజీల మీద పడింది. ఆ పై వారం కూడా అంతే. ఆ పై వారం కూడా. నేను పేజీ మీద వేలు పెట్టి తడుముతూ తిప్పాను. క్రిస్మస్ దాటింది, ఈస్టర్ దాటింది, గుంటలు అలాగే ఉన్నాయి. తర్వాతి పుస్తకాలు కూడా తీశాను. రెండో ఏడాది పంట కోతలప్పటికి వేలికి ఏమీ తగలడం మానేసింది. జంఫీరా కూడా మిగతా పేర్లలాంటి పేరే అయింది. ఇంకో నాలుగేళ్ళ తర్వాత ఒక వసంతంలో ఆ పేరు చివర నుంచి మొదటికి వచ్చి, ఆరు వారాలు అక్కడే ఉంది. ఆవిడ మనవడు ఆసుపత్రిలో ఉన్న రోజులవి. మేం ఇంట్లో ఆ సంగతి చెప్పుకుని, ఉసురు ఊరికే పోదనుకున్న రోజులు.

పుస్తకం పట్టుకుని వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను.

"ఎలా రాయగలిగారు అత్తయ్యా?"

ఆవిడ పుస్తకం వైపు చూసింది. "మొదట్లో అది ప్రార్థనా కాదు, పాడూ కాదు. పళ్ళు నూరుతూ 'ప్రభువా, జంఫీరా' అనేదాన్ని. అంతే. కనికరించు అనే మాట ఏడాది దాకా నా నోట రాలేదు. ఆ మిగతా ముక్క నువ్వే అనుకో అని ఆయనకి వదిలేశాను."

"అంత కష్టమైతే ఎందుకు మరి?"

"ఆయన ముందు దింపకపోతే వారమంతా నేనే మొయ్యాలిగా ఆ పేరు. పాలు పితికేటప్పుడూ అదే, పిండి పిసికేటప్పుడూ అదే. అంత బలం నాకెక్కడిది? నా సంసారం నేను చూసుకోవద్దూ?" నవ్వింది. "అలా దింపి దింపి, ఒకనాటికి నిజంగానే ఆవిడ మోకాళ్ళ నొప్పి గురించి అడుగుతున్నాను. ఎప్పుడు మారిందో నేను చూడలేదు."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. నేను తల దించుకుని అన్నాను. "మడిచేటప్పుడు చూశాను అత్తయ్యా. కుడివైపు ఉందని చూశాను. చూసే వదిలేశాను."

"తెలుసు."

"మరి ఆవిడతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాల్సింది నేనా?"

ఆవిడ ఎడం చెయ్యి చాచి నా మోచేతి మీద వేసింది. చెయ్యి వెచ్చగా, గరుకుగా ఉంది.

"శనివారం నుంచీ నీ పేరు మొదట చెబుతున్నాను," అంది. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నువ్వేమీ తొందరపడకు. నాకు వేరే పనేముంది?"

ఆ మాటకి నాకు కోపం వస్తే బాగుండేది. రాలేదు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా ఈవిడ నన్నెప్పుడూ ఏ విషయానికీ తొందరపెట్టలేదని ఆ క్షణంలో తట్టింది. నేనేమో అదంతా నా గడుసుతనమే అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం బల్ల తుడిచి, గళ్ళకాగితం ముందు పెట్టుకున్నాను. సిలువ వేసి, గీత గీశాను. అత్తగారు నిద్రపోతోంది. పెట్టెలోని చివరి పుస్తకం చూసి రాశాను. వద్దన్నవాళ్ళ పేర్ల దగ్గర ఆగాను. అడిగినవాళ్ళవి రాయడం, వద్దన్నవాళ్ళవి నోటితో అనడం ఆవిడ పద్ధతి. సరే, నేనూ నోటితోనే అన్నాను. సిగ్గేసింది, ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూశాను. జంఫీరా దగ్గరికి వచ్చేసరికి కలం గట్టిగా నొక్కుకుంది. కాగితం చిరగలేదు గానీ బల్ల మీద అచ్చు పడింది.

ఆదివారం పొద్దున్న కాగితం ఇచ్చివచ్చాను. సావా అయ్యగారు విప్పి, ముందు కుడివైపు మొత్తం చూసుకుని, ఆ తర్వాతే లోపలికి తీసుకెళ్ళారు. జంఫీరా రాలేదు. ఆవిడ నిలబడే చోటు ఖాళీగా ఉంది. ఆ చోటు పక్కన కూడా ఎవరూ నిలబడలేదు.

అది ఉపవాసాల ముందు చివరి ఆదివారం. పాలూ గుడ్లూ ఇక ఈస్టర్ దాకా ఉండవు కాబట్టి ఇంట్లో ఉన్న జున్నంతా రొట్టెల్లో కూరి కాల్చాను. సాయంత్రం చర్చిలో ఊరంతా ఒకళ్ళ ముందొకళ్ళు వంగి క్షమించమని అడుగుతారు. ఏటా అందరినీ అడుగుతాం. జంఫీరా నిలబడ్డ వైపు మాత్రం వెళ్ళం.

గవ్రీల్ తల్లిని మంచం మీంచి ఎత్తి, చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, కాలి కింద పీట పెట్టాడు. మేం నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. కిటికీ గట్టు మీద జంఫీరా గిన్నె ఉంది. వారం నుంచీ కడిగి బోర్లించి ఉంది. దాన్ని ఎవరూ కదపలేదు, ఎవరూ దాని ఊసెత్తలేదు.

"పక్కింటావిడ పొద్దున రాలేదట," అన్నాడు గవ్రీల్ రొట్టె తుంచుతూ. "సాయంత్రం కూడా రాదేమో. పీడా పోయింది. అమ్మా, నీ తప్పు కాదని ఊళ్ళో నేను చెబుతూనే ఉన్నాను. మందుల మత్తులో తడబడి ఉంటావన్నాను."

"అత్తయ్య తడబడలేదు," అన్నాను.

రుక్సాండ్రా నమలడం ఆపింది. అత్తగారు తన పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది.

"ఎడమవైపు అని స్పష్టంగా చెప్పారు. కుడివైపు రాసింది నేను. రాశాక చూశాను, చూసి మడిచాను. పెద్దల శనివారం నాడు గుమ్మంలో ఆవిడ తిడుతుంటే అత్తయ్య వెనక దాక్కున్నాను."

గవ్రీల్ చేతిలో రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు. "అయితే అయింది. ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఆవిడ మనకి చేసింది తక్కువా?"

"అది నాకు తెలియదు. ఆవిడకి చెప్పడానికి నిన్ను రమ్మనడం లేదు."

"ఆవిడ తలుపు తియ్యకపోతే?"

"గుమ్మంలో నిలబడే చెబుతాను. ఆవిడా మన గుమ్మంలో నిలబడే చెప్పిందిగా."

అత్తగారు ఎడం చేత్తో, కష్టం మీద, జున్ను రొట్టెల పళ్ళేన్ని నావైపు కొంచెం జరిపింది. నేను లేచి, గట్టు మీది గిన్నె తెచ్చి, నా మెడగుడ్డ కొసతో ఒకసారి తుడిచి, నాలుగు రొట్టెలు పేర్చి పైన గుడ్డ కప్పాను. గొంతు పెంచకుండానే చెప్పాను, ముగ్గురికీ వినపడేలా.

"సాయంత్రం చర్చికి వెళ్ళేముందు ఆవిడ ఇంటికి వెళ్తున్నాను. వచ్చే ఆదివారం నుంచీ కాగితం నేనే రాస్తాను, అత్తయ్య చెయ్యి బాగయ్యాక కూడా. ఎన్ని పేర్లుంటే అన్నీ. ఆవిడది ఎడమవైపు."